పసితలకు కావలి ఎవరు?

బాలబాలికలకు సైకిలు వాహనము మాత్రమే కాదు. అది తొలి స్వాతంత్ర్యము. తల్లి కొంగు విడిచి, తండ్రి వ్రేలు విడిచి, తన కాళ్ల సత్తువతోనే దూరమును జయించుచున్నానను గర్వము పసివానికి ఆ రెండు చక్రములమీదనే మొదట కలుగును. ఆ సంతోషమును పాడుచేయుటకు ఏ పెద్దకును అధికారము లేదు. కాని ఆ సంతోషమునకు వెలగా పసివాని తలను చెల్లింపరాదు. ఈ రెండు ధర్మములను ఒక్కమారే నిలుపుట ఎట్లు? సైకిలు తొక్కు పిల్లలకు హెల్మెట్టు అలవాటు చేయు ప్రయత్నములన్నియు ఈ ప్రశ్నకు సమాధానములే.

చేయి విరిగిన అతుకును. మోకాలు చెక్కుకొనిన మానును. మెదడు అట్టిది కాదు. పుఱ్ఱె అను గట్టి చిప్పలో, పలుచని ద్రవము నడుమ తేలుచుండు మెత్తని పదార్థమది. పడిన బాలుని తల నేలను తాకినపుడు పుఱ్ఱె తటాలున ఆగును. లోపలి మెదడు ఆగక ఆ చిప్పకు కొట్టుకొనును, మెలితిరుగును. సన్నని నరపుతంతువులు తెగవచ్చును, లోలోపల రక్తము పేరుకొనవచ్చును. ప్రాణము దక్కిన పిల్లలలో కొందరికి పైకి మచ్చయైనను కానరాదు. కాని చదివినది నిలువదు, కుదురు ఉండదు, కారణము లేకయే కోపము వచ్చును. చూచువారు మొద్దు అందురు, పెంకి అందురు. ఏనాడో తగిలిన దెబ్బ సంగతి ఎవరికిని గుర్తుండదు.

హెల్మెట్టు చేయు పనిలో మాయ ఏమియు లేదు. లోపలనుండు నురుగువంటి పాలిస్టయిరీన్ పొర దెబ్బ తగిలిన క్షణమున తాను నలిగిపోయి, తల ఆగుటకు పట్టు కాలమును రవ్వంత పొడిగించును. దెబ్బను ఒకచోట గాక విస్తారమున పంచును. ఒకమారు గట్టిదెబ్బ తిన్న హెల్మెట్టు మరల పనికిరాదనుటకు కారణమిదియే. తన ప్రాణము నిచ్చి యజమాని ప్రాణమును నిలుపు కాపలాదారు అది.

ఇంత తేలికైన సాధనమును పిల్లలు ఏల ధరింపరు? ఈ ప్రశ్నను శ్రద్ధగా వేసినవారు అమెరికాలోని సియాటిల్ నగరపు హార్బర్‌వ్యూ వైద్యాలయమునకు చెందిన వైద్యులు. తల పగిలి వచ్చు పిల్లలకు కట్లు కట్టుటతో తమ పని ముగిసినదని వారు తలపలేదు. 1986 ప్రాంతమున విచారింపగా మూడు అడ్డంకులు కనిపించినవి. తల్లిదండ్రులకు హెల్మెట్టు విలువ తెలియదు; తెలిసినవారికి దాని ధర అందదు; రెండును కుదిరిన ఇంటిలో పిల్లవాడు తోటివారు నవ్వుదురని పెట్టుకొనడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి యను మాట పెద్దలకు సామెత. బడిపిల్లలకు అది శాసనము.

ఒక్కొక్క అడ్డంకికి ఒక్కొక్క ఉపాయము పన్నినారు. వైద్యులు, సైకిలు సంఘములవారు, పాఠశాలలు, పత్రికలు, హెల్మెట్ల తయారీదారులు ఒక్కచోట చేరినారు. ధర తగ్గించు కూపన్లు పంచినారు. నలుగురు పెట్టుకొనినచో అయిదవవాడు నవ్వుటకు జంకునని గ్రహించి, నలుగురిని ఒక్కమారే కదలించినారు. సియాటిల్ పిల్లలలో మొదట నూటికి 5.5 మంది మాత్రమే హెల్మెట్టు ధరించుచుండిరి. ఏడాదిన్నరలోపలనే ఆ సంఖ్య 15.7 అయినది. అట్టి ప్రయత్నము లేని పోర్ట్‌లండ్ నగరమున అదే కాలములో 1.0 నుండి 2.9కి మాత్రమే పెరిగినది. 1990ల మొదటి సంవత్సరములకు సియాటిల్‌లో అది నూటికి 40కి చేరినది. అచ్చటి ఒక ఆరోగ్య సహకార సంస్థలో చేరిన కుటుంబముల పిల్లలలో, 5 మొదలు 14 ఏండ్ల వయస్సువారికి, సైకిలు ప్రమాదములవలని తలదెబ్బలు ఇంచుమించు మూడింట రెండు వంతులు తగ్గినవి.

హెల్మెట్టు రక్షించునని చెప్పుటకు ఆధారమును గూడ ఆ నగరమే మొదట గట్టిగా చూపినది. 1989లో ప్రచురితమైన పరిశోధన ప్రకారము తలకు దెబ్బతగిలి ఆసుపత్రికి వచ్చిన 235 మందిలో హెల్మెట్టు ఉన్నవారు నూటికి 7. సైకిలునుండి పడి వేరుదెబ్బలతో వచ్చినవారిలో నూటికి 24. మెదడు దెబ్బ ముప్పు నూటికి 88 వంతులు తగ్గునని వారు లెక్కగట్టినారు. అనేక దేశముల పరిశోధనలను కలిపి 2016లో చేసిన పరిశీలనలో తీవ్రమైన తలదెబ్బ ముప్పు నూటికి 69 వంతులు తగ్గునని తేలినది. మొదటి అంకె కొంత దిగినది; సత్యము దిగలేదు.

ఇచ్చట చట్టము ప్రసంగము రాక తప్పదు. హితవు చెప్పుటకంటె జరిమానా వేయుట సులభము గదా యని ప్రభుత్వములు తలచుట సహజము. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము 1990 జూలై 1న సైకిలువారందరికి హెల్మెట్టును తప్పనిసరి చేసినది. ఏడాది తిరుగకముందే ధరించువారు నూటికి 31 నుండి 75కు పెరిగినారు. కాని అంతకు ముందు అచ్చట ఏండ్ల తరబడి ప్రచారము జరిగినదను మాట మరువరాదు. చట్టము వచ్చినపిమ్మట మెల్బోర్న్ వీధులలో సైకిలు తొక్కు పెద్దపిల్లల సంఖ్య తగ్గినదనునదియు లెక్కలలో ఉన్నది. సైకిలు విడిచిన పిల్లవానికి తల దక్కినను ఆట దక్కలేదు.

సియాటిల్ నేర్పిన రెండవ పాఠము ఇంకను గంభీరమైనది. ఆ నగరమున్న కింగ్ కౌంటీ 1993లో హెల్మెట్టు చట్టము చేసినది. 2003లో అది సియాటిల్‌కు వర్తించినది. కాలక్రమమున జరిమానా కాగితములు నిలువనీడ లేనివారికిని, నల్లజాతివారికిని హెచ్చుగా అందుచున్నవని తేలినది. తలను కాచుటకు పుట్టిన చట్టము బీదవానిని నిలువరించుటకు సాకైనది. 2022 ఫిబ్రవరిలో కౌంటీ ఆరోగ్యమండలి ఆ చట్టమును రద్దు చేసినది; హెల్మెట్టు ధరింపుడను హితవును మాత్రము విడువలేదు. హితవు తప్పు కాదు. దానిని లాఠీచేతికి అప్పగించుట తప్పు.

హెల్మెట్లు లేకయే డచ్చివారు క్షేమముగా సైకిళ్లు తొక్కుచున్నారని కొందరు వాదింతురు. నిజమే. కాని వారికి కార్ల దారి వేరు, సైకిలు దారి వేరు. అట్టి బాటలు వేయువరకు పసితలలను ఖాళీగా వదలుడని ఆ ఉదాహరణ చెప్పుట లేదు. మంచి బాట, మెల్లని మోటారు, తలమీది హెల్మెట్టు ఒకదానికొకటి పోటీ కావు.

తెలుగునాట ఈ మాటకు చోటున్నది. పెద్దవారి సైకిలు అడ్డకమ్మీ క్రిందుగా కాలు దూర్చి తొక్కుట నేర్చిన తరములు ఇచ్చట ఎన్నియో. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘బడికొస్తా’ పేరిట ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచినది. ఆడపిల్లను బడికి చేర్చు ఆ కానుక మెచ్చదగినది. ఇట్టి కానుక ఏ ప్రభుత్వము ఇచ్చినను, చక్రములతోపాటు తలకు రక్షణ ఏదియని అడుగుట మరింత మెచ్చదగినది. మోటారు సైకిలుమీది హెల్మెట్టును గూర్చి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. కాళ్లతో తొక్కు సైకిలును గూర్చి ఆ నియమము పలుకదు. కావున ఇది పోలీసులకొరకు కాచుకొని యుండు పని కాదు. పాఠశాలల సంఘములు, వైద్యులు, యువజనసంఘములు చేయదగిన పని.

పంచినంత మాత్రమున చాలదు. నుదురు కప్పునట్లు, కనుబొమలపై రెండు వ్రేళ్ల వెడల్పున దానిని పెట్టవలెను. పట్టీలు చెవులక్రింద కలియవలెను. గడ్డముక్రింద ఒక వ్రేలు మాత్రమే దూరునంత బిగువుండవలెను. ఆటస్థలమున నిచ్చెనలెక్కునపుడు పట్టీ చిక్కుకొని మెడకు బిగియు ప్రమాదమున్నది గనుక అప్పుడు తీయవలెను. ఇవి నేర్పుటకు ఒక ఆదివారము ఉదయము, ఓపికగల ఒక ఉపాధ్యాయుడు చాలును. అన్నిటికంటె ముందు పెద్దలు తాము బండి ఎక్కునపుడు హెల్మెట్టు తలకు పెట్టుకొనవలెను. అద్దమునకు తగిలించిన తండ్రి మాట ఏ కుమారుడు వినును?

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట లోకమున సామాన్యము. కాలిన చేతికి ఆకులైనను కలవు. నలిగిన మెదడునకు ఏ ఆకును లేదు.