అంగడి మారినను చిరునామా చెడరాదు

మన సహకార సంఘములు కొన్ని యిటీవల తమ సభ్యుల పసుపును, బెల్లమును, మామిడిపండ్లను దళారుల పాలు చేయక, ఆన్‌లైన్ దుకాణముల ద్వారా నేరుగా వాడుకదారులకే విక్రయించుచున్నవి. ఇది మిక్కిలి సంతోషింపదగిన సంగతి. కాని దుకాణము తెఱచునప్పుడు చూపిన శ్రద్ధను, పిమ్మట దాని చిరునామాలను కాపాడుటలో చూపుట లేదని మేము తలంచుచున్నాము. దీనివలని నష్టము ఆకుమచ్చవలె పైకి కనబడదు. వేరుపురుగువలె లోలోపల పనిచేయును. కావున దీనిని గూర్చి సభ్యులకు నాలుగు మాటలు విన్నవించుట మా విధియని తోచినది.

మే మెఱిగిన సంఘ మొకటి తన పసుపు సంచులపై క్యూఆర్ కోడు ముద్రింపించెను. ఫోనుతో దానిని చూచినచో ఆ పసుపును మరల కొనుటకు వీలగు పేజీ తెఱచుకొనుచుండెను. మరుసటి యేడు సంఘమువారు దుకాణమును వేఱొక సాఫ్ట్‌వేరునకు మార్చిరి. క్రొత్త దుకాణము చూచుటకు ముచ్చటగా నుండెను గాని, పేజీల చిరునామా లన్నియు మాఱిపోయెను. పట్టణములోని యొక గృహిణి, సంచి నిండుకొనగా, ఎప్పటివలె ఫోను పెట్టి చూచెను. ‘పేజీ దొరకలేదు’ అను మాటయు, 404 అను అంకెయు కనబడెను. సంఘము మూతపడెనని యామె తలంచి వేఱొక చోట కొనెను. ఆమె బంధువొకడు కార్యదర్శితో మాటవరుసకు చెప్పువఱకు ఈ సంగతి యెవ్వరికిని తెలియదు. చెప్పకుండ వెడలిపోయిన వా రెందఱో! ఆ సంచులను ముద్రింపించిన నాడు మేమును ప్రక్కనుండి సలహా చెప్పినవారమే గనుక, ఆ తప్పులో మాకును భాగము గలదు.

ఈ చిక్కు రైతులకు క్రొత్తది కాదు. రీసర్వే జరిగిన గ్రామములలో పాత సర్వే నంబరులు పోయి క్రొత్త ఎల్.పి. నంబరులు వచ్చినవి. పాత దస్తావేజు చేత పట్టుకొని వచ్చిన వానికి, ఈ పాత నంబరే యిప్పు డీ క్రొత్త నంబరని చూపు పట్టిక లేనియెడల నేమగును? నేల కదలలేదు, గట్టు కదలలేదు. అయినను వానికి తన పొలము దొరకదు. ఆన్‌లైన్ దుకాణమునందు అట్టి పట్టికయే రీడైరెక్టు. పాత చిరునామాకు వచ్చిన వానిని సర్వరు తానే క్రొత్త చిరునామాకు చేర్చును. శాశ్వతముగా మాఱినదని చెప్పుటకు 301 అను సంకేతమును, తాత్కాలికముగా మాఱినదని చెప్పుటకు 302 అను సంకేతమును వాడుదురు. గూగుల్ వంటి వెదకు యంత్రములు 301ని చూచి, పాత పేజీకి గల పేరును క్రొత్త పేజీకి జమకట్టును. అట్టి రీడైరెక్టులను కనీస మొక సంవత్సరమైన నుంచవలయునని గూగుల్‌వారే సలహా యిచ్చుచున్నారు. సంచిపై ముద్రించిన చిరునామా విషయములో ఎన్నటికిని తీయరాదని మా మతము.

చిరునామా చెడుటకు పెద్ద కారణ మక్కఱలేదు. ఊకామర్స్ అను సాఫ్ట్‌వేరులో సరకు పేజీ చిరునామా సాధారణముగా ‘ప్రాడక్ట్’ అను మాటతో నుండును. షాపిఫైలో ‘ప్రాడక్ట్స్’ అని యుండును. ఈ యొక్క యక్షరము తేడాతోనే మొదటి దానినుండి రెండవ దానికి మాఱిన దుకాణమునందు ప్రతి సరకు చిరునామాయు చెడును. కాబట్టి సాఫ్ట్‌వేరు మార్చుటకు ముందే పాత చిరునామా లన్నిటిని ఒక వరుసలోను, వాని కెదురుగా క్రొత్తవానిని మఱియొక వరుసలోను వ్రాసి పట్టిక సిద్ధపఱచుకొనవలయును. మార్చిన పిదప వెదకుట, గింజలు కొట్టుకుపోయిన పిదప మడికి గట్టు వేయుటవంటిది.

రీడైరెక్టులు పెట్టుటలోను మూడు దోషములు జరుగుచున్నవి. మొదటిది, పాత పేజీనుండి మఱొక పాత పేజీకి, అచ్చటినుండి వేఱొక పేజీకి గొలుసుకట్టుగా త్రిప్పుట. పిల్లకాలువలు పెరిగినకొలది చివరి మడికి నీరు ఆలస్యమగునట్లు, ప్రతి మలుపునకును కొంత కాలహరణము జరుగును. పల్లెలలోని మందపు సిగ్నలుతో చూచువాడు విసిగి మానుకొనును. రెండవది, మొదటి పేజీ రెండవదానికిని, రెండవది మొదటిదానికిని త్రిప్పుట. ఒక కచేరీ గుమాస్తా మఱొక కచేరీకి పొమ్మనగా, అచ్చటివాడు మరల మొదటి కచేరీకే పంపినట్లు, పే జెన్నటికిని తెఱచుకొనదు. మూడవది, దొరకని ప్రతి పేజీని దుకాణపు ముఖద్వారమునకే త్రిప్పుట. బెల్లము కొఱకు వచ్చిన వానిని బజారు మొగలో నిలిపి వెదకుకొమ్మనుట మర్యాద కాదు. గూగుల్ కూడ నిట్టి త్రిప్పుడును పేజీ లేనట్లుగానే పరిగణించును.

మామిడి విషయము ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. బంగినపల్లి కాపు వేసవితో ముగియగానే, సరకు లేదుగదా యని కొన్ని సంఘములు ఆ పేజీనే తీసివేయుచున్నవి. ఇది పంట కోయగానే పొలము గట్లు చెఱిపివేసినట్లున్నది. పండు మరల రాకపోదు. పేజీ యెందులకు పోవలయును? ఆ చిరునామాను అట్లే యుంచి, ‘ఈ యేటి కాపు ముగిసినది; వచ్చు వేసవిలో మరల దొరకును’ అని వ్రాసి, కావలసినవారు తమ ఫోను నంబరు నమోదు చేసికొనునట్లు చేయవలయును. ఇచ్చట 301 వాడరాదు. అది శాశ్వతమైన మాట, కొన్ని బ్రౌజరులు దానిని గుర్తుంచుకొని మరుసటి యేడును పాత త్రోవనే పట్టించును. ఇక సంఘము నిజముగా మానివేసిన సరకైనచో, పోలిక గల సరకున్న దానికి త్రిప్పవచ్చును. లేనియెడల మానివేసితిమని నిజము చెప్పి, 410 అను సంకేత మీయవచ్చును. నిజము చెప్పుట యెన్నడును వ్యాపారమునకు చేటు కాదు.

ముద్రితమైన క్యూఆర్ కోడు మరల మార్చుటకు వీలులేనిది. అందుచేత దానియందు సంఘపు సొంత పేరుగల చిరునామానే యుంచవలయును గాని, పరాయి కంపెనీవారు అద్దెకిచ్చు పొట్టి చిరునామాను ఉంచరాదు. అద్దె చెల్లించుట మానిన నాడు సంచు లన్నియు మూగవోవును. సంఘపు డొమైను పేరు కార్యదర్శి పేరనో, దుకాణము కట్టిన కుఱ్ఱవాని పేరనో గాక, సంఘము పేరనే నమోదై యుండవలయును. ‘.ఇన్’ పేరులను ఒక సంవత్సరము మొదలు పది సంవత్సరముల వఱకు నమోదు చేయించుకొనవచ్చును. గడువు తప్పినచో నితరులు దానిని కొనుక్కొని మన సంచులపై వచ్చు వాడుకదారులను తమ యంగడికి త్రిప్పుకొనవచ్చును.

ఇది సాఫ్ట్‌వేరువాని పని, కమిటీకేల యను వారు గలరు. సాఫ్ట్‌వేరువాడు కూలి తీసికొని వెడలిపోవును. చిరునామా వాడుకదారునికి సంఘ మిచ్చిన మాట, అది సంఘముతోనే నిలుచును. ఇంతకును ఈ జబ్బు మన యొక్కరిదే కాదు. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రకటించిన ప్రకారము, 2013లో నుండిన వెబ్ పేజీలలో నూటికి 38 పది యేండ్లకే అందకుండ పోయినవి. వెబ్‌ను కల్పించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే యొక వ్యాసము వ్రాసి, ఎన్నడును మార్చనక్కఱలేని చిరునామాలనే మొదట ఎన్నుకొనుడని హెచ్చరించి యుండెను. పెద్ద పెద్ద సంస్థలే వినలేదు గనుక మనమును విననక్కఱలేదనుట న్యాయము కాదు. వారు నూఱుమంది గిరాకీలను పోగొట్టుకొన్నను బ్రతుకుదురు. చిన్న సంఘమునకు తిరిగి వచ్చు గిరాకియే ప్రాణము.

కావున మేము కోరున దింతే. ప్రతి సంఘమును చిట్టా, ఆవర్జాలతోపాటు చిరునామాల రిజిస్టరొకటి యుంచవలయును. చదువుకొన్న సభ్యుని పిల్ల నొకరిని నియమించి, నెలకొకసారి పాత సంచులపై కోడులను ఫోనుతో చూపించి, ఉచితముగా లభించు గూగుల్ సెర్చ్ కన్సోలులో ‘దొరకలేదు’ అను పేజీల పట్టికను పరీక్షింపవలయును. కమిటీ తీర్మానము లేనిదే ఏ చిరునామాను మార్చరాదు. దీనికి సొమ్ముకంటె శ్రద్ధయే యెక్కువ కావలయును. గోదాము తాళము పోయినచో ఆ రాత్రియే కమిటీ కూడును. దారి పోయినచో ఎవ్వరును కూడుట లేదు. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులే యీ ప్రశ్న వేయుదురుగాక: మన సంచిపైనున్న త్రోవ నేడు ఎచ్చటికి పోవుచున్నది?