మాట లేని పాటకు ఆరువందల ఏళ్లు

శబ్దానికి ఆయువు తక్కువ. కమాను తీగను విడిచిన మరుక్షణమే నాదం గాలిలో కలిసిపోతుంది. విన్నవాని చెవిలో కొంతకాలం, వాయించినవాని వేళ్లలో ఒక జీవితకాలం నిలుస్తుంది. ఆ వేళ్లు ఆగిన తరువాత, నేర్చుకున్న శిష్యుడు లేకపోతే, ఆ సంగీతం పుట్టనట్లే లెక్క. మధ్యయుగపు ఐరోపాలో వాద్యసంగీతానికి పట్టిన గతి ఇదే. రాజుల కొలువులలో, నగరాల కూడళ్లలో, వివాహాల విందులలో వందల ఏళ్లపాటు వాద్యాలు మ్రోగినవి. చిత్రాలలో ఆ వాద్యాలు కనబడుతున్నవి. కథలలో ఆ వాద్యకారులు కనబడుతున్నారు. జమాఖర్చుల పద్దులలో వారికి ముట్టిన వేతనాలు సైతం కనబడుతున్నవి. వారు వాయించినది మాత్రం వినబడదు. పదిహేనవ శతాబ్ది తొలి దశాబ్దాల వరకు ఐరోపా అంతటా లిపికెక్కి మిగిలిన వాద్య నృత్యగతులు సుమారు యాభై మాత్రమే.

ఆ కొద్దిపాటి నిధిలో పదిహేను గతులు ఒకే గ్రంథంలో ఉన్నవి. లండన్ నగరంలోని బ్రిటిష్ లైబ్రరీలో ‘అడిషనల్ 29987’ అనే సంఖ్యతో భద్రంగా ఉన్న ఇటాలియన్ వ్రాతప్రతి అది. దానికి ఆకర్షణీయమైన పేరు కూడ లేదు. సంగీత పరిశోధకులు తమలో తాము ‘లండన్ ప్రతి’ అని పిలుచుకుంటారు.

సాదాసీదా పుస్తకం

ఈ ప్రతి క్రీ. శ. 1400 ప్రాంతంలో తయారయినదని పండితుల అంచనా. వ్రాసినవాడెవడో తెలియదు. వ్రాసిన చోటు మధ్య ఇటలీలోని టస్కనీ ప్రాంతమై ఉండవచ్చునని పలువురి ఊహ. పదిహేనవ శతాబ్దిలో ఇది ఫ్లారెన్స్ నగరాన్ని శాసించిన మెడిచీ వంశం వారి చేతిలో ఉండేది. వారి కులచిహ్నం ఇందులో ఉన్నది. ఆ పిమ్మట అనేక చేతులు మారి 1876లో బ్రిటిష్ మ్యూజియం చేరినది. 1973లో మ్యూజియం గ్రంథాలయం విడివడి బ్రిటిష్ లైబ్రరీ ఏర్పడినప్పుడు దాని సొత్తయినది.

అదే కాలపు మరొక గ్రంథంతో పోల్చి చూస్తే దీని నిరాడంబరత తెలుస్తుంది. ఫ్లారెన్స్‌లోని లారెన్షియన్ గ్రంథాలయంలో ‘స్క్వార్చలూపీ కోడెక్స్’ అనే సంగీత గ్రంథం ఉన్నది. బంగారు పూత, రంగుల చిత్రాలు, స్వరకర్తల రూపచిత్రాలు, 350కి పైగా రచనలు గల వైభవోపేతమైన పుస్తకమది. పధ్నాలుగవ శతాబ్దపు ఇటాలియన్ సంగీతంలో గొప్పదనుకున్నదంతా అందులో చేర్చారు. కాని అందులోని రచనలన్నీ గానానికి సంబంధించినవే. వాద్యకారుని కోసం ఒక్క గతి కూడ అందులో చోటు చేసుకోలేదు.

లండన్ ప్రతిలో బంగారం లేదు, రూపచిత్రాలు లేవు. చిన్నతనంలోనే చూపు కోల్పోయి, ఆర్గన్ వాద్యంలో ఫ్లారెన్స్‌కు కీర్తి తెచ్చి, 1397లో మరణించిన ఫ్రాంచెస్కో లాండీనీ వంటి వారి గేయాలు ఇందులోను ఉన్నవి. అయితే లేఖకుడు అంత జాగరూకుడు కాడు. స్వరాలు తప్పినవి, కాలప్రమాణాలు పొసగలేదు. ఇన్ని లోపాలున్నా అతడు ఒక మహోపకారం చేశాడు. వందకు పైగా గల రచనల నడుమ, సాహిత్యం లేని పదిహేను వాద్యగతులను కూడ వ్రాసిపెట్టాడు. శ్రద్ధాళువులు వదిలివేసినదానిని ఈ అజ్ఞాత లేఖకుడు దక్కించాడు.

వ్రాయనిది ఎందుకు?

వాద్యగతులను ఎందుకు వ్రాసుకోలేదన్న ప్రశ్న సహజం. ఆనాటి వాద్యకారునికి వ్రాత అవసరం కలుగలేదు. తండ్రి నుండి కొడుకు, గురువు నుండి శిష్యుడు చెవితో పట్టి చేతితో నేర్చేవారు. పైగా స్వరలిపి తెలిసినవారు ఎక్కువగా మతగురువులు, చర్చి గాయకులు. వీధిలో, విందులో వాయించేవానిది వేరొక లోకం.

పాత గాథ ఒకటి ఈ సంగతిని చక్కగా తెలుపుతుంది. 1200 ప్రాంతంలో వాయవ్య ఇటలీలోని మోన్‌ఫెర్రాతో ప్రభువు బోనిఫాచియో కొలువుకు ఫ్రాన్స్ నుండి ఇద్దరు వాద్యకారులు వచ్చారట. వారు కమాను వాద్యాలపై ‘ఎస్టాంపీడా’ అనే గతిని వాయించగా సభ అంతా ఆనందించినది. ఆస్థాన కవి రాంబో ద వకేరాస్ ఒక్కడే దిగులుగా కూర్చున్నాడు. ప్రభువు కోరికపై బియాట్రిస్ అనే కులీన స్త్రీ కవిని ఉత్సాహపరచి, పాట కట్టమన్నది. కవి ఆ వాద్యగతికే మాటలు కూర్చాడు. ఆ పాట నేటికీ స్వరంతో సహా మిగిలినది. గాథలో నిజమెంతైనా, అందులోని ధర్మసూక్ష్మం మాత్రం సత్యం. మాట తోడుంటేనే స్వరం బ్రతికినది. అదే కొలువులో ఆ వాద్యకారులు వాయించిన తక్కిన గతులన్నీ ఏమైనవో ఎవరూ చెప్పలేరు.

పదిహేను గతులు

లండన్ ప్రతిలోని పదిహేనింటిలో ఎనిమిది ‘ఇస్తాంపీతా’లు. రాంబో కాలపు ‘ఎస్టాంపీడా’కు ఇది ఇటాలియన్ రూపం. నాలుగు ‘సాల్తరెల్లో’లు. ‘దుముకు’ అనే అర్థం గల మాట నుండి పుట్టిన పేరది. ఒకటి ‘ట్రోట్టో’, గుర్రపు దుడుకు నడకను తలపించే పేరు. మిగిలిన రెండింటిలో ఒకటి ‘ట్రిస్టాన్ విలాపం’, మరొకటి ‘లా మాన్‌ఫ్రెదీనా’. ఈ రెండింటికీ ‘రోట్టా’ అనే అనుబంధం ఉన్నది. ముందు నెమ్మదిగా సాగిన స్వరసరళినే కుదించి, నడక మార్చి, చురుకుగా వాయించే భాగమది.

ఇస్తాంపీతాల పేర్లు కవితల శీర్షికల వలె ఉన్నవి. ఒకదాని పేరు ‘ఆనందారంభం’. మరొకటి ‘మూడు నీటిబుగ్గలు’. ఇంకొకటి ‘సద్గుణానికి మొదలు’. ‘ఇసబెల్లా’ అనే స్త్రీ నామం కూడ ఒకదానికున్నది. ఈ పేర్లు ఎందుకు వచ్చినవో ప్రతిలో వివరణ లేదు. గతిని గుర్తుంచుకోవడానికి వాద్యకారులు పెట్టుకున్న గుర్తులని కొందరంటారు.

వీటి నిర్మాణం తెలిస్తే మధ్యయుగపు వాద్యకారుని ప్రజ్ఞ అర్థమవుతుంది. ఒక్కొక్క గతి కొన్ని భాగాలుగా ఉంటుంది. ప్రతి భాగాన్నీ రెండుసార్లు వాయించాలి. మొదటిసారి ముగింపు ‘తెరచినది’. అనగా స్వరం ఇంకా ఏదో చెప్పవలసి ఉన్నట్లు మధ్యలో నిలుస్తుంది. రెండవసారి ముగింపు ‘మూసినది’. స్వరం తన స్థానానికి చేరి విశ్రమిస్తుంది. ప్రశ్న వేసి జవాబు చెప్పినట్లుంటుంది. భాగం మారినప్పుడు ఆరంభం కొత్తది, ముగింపు పాతది. ఎంత దూరం తిరిగివచ్చినా చివరకు తెలిసిన గుమ్మం ముందే నిలుస్తాడు శ్రోత. లండన్ ప్రతిలోని ఇస్తాంపీతాలు ఫ్రాన్స్‌లో దొరికిన పాత గతుల కంటె చాల దీర్ఘమైనవి. వీటిలో ముగింపులే గాక, మునుపటి భాగాలలోని పెద్ద ఖండాలు కూడ మరల మరల వస్తుంటవి. జ్ఞాపకశక్తి మీద ఆధారపడిన కళకు ఈ పద్ధతి ఎంతో అనుకూలం.

నాట్యానికా, ఆలకించడానికా?

ఈ ఇస్తాంపీతాలకు నిజంగా నర్తించేవారా అన్నది పండితుల మధ్య ఎడతెగని చర్చ. 1300 ప్రాంతంలో పారిస్‌లో సంగీతశాస్త్రం వ్రాసిన యోహాన్నెస్ గ్రోకియో ఈ జాతి రచనల గురించి ఒక విశేషం చెప్పాడు. ఇవి కష్టసాధ్యమైనవి గనుక వాయించేవాని మనస్సును, వినేవాని మనస్సును తమపైనే నిలుపుతవని, ధనికుల చిత్తాన్ని చెడు తలపుల నుండి మరల్చుతవని ఆయన అభిప్రాయం. మనస్సును నిలిపే సంగీతమంటే, కాళ్ల కోసం కంటె చెవుల కోసం పుట్టినదని కదా అర్థం!

ఇటలీ నుండే మరొక సాక్ష్యమున్నది. బొకాచియో ‘డెకామెరాన్’ పదవ దినపు ఏడవ కథలో, పలెర్మో నగరంలోని ఒక మందుల వర్తకుని కుమార్తె లీసా. ఆమె రాజైన పేద్రోను దూరం నుండి చూచి వలచి, ఆ ఆశ తీరదని తెలిసి మంచం పట్టినది. మరణానికి ముందు తన మాట రాజు చెవిన పడాలని మినుచ్చో అనే ప్రసిద్ధ గాయకుని పిలిపించుకున్నది. అతడు వచ్చి ఆమె మంచం ప్రక్కన కూర్చుండి, ఊరట కోసం వాద్యంపై మెల్లగా ఒక ‘స్తాంపీతా’ వాయించి, ఆ తరువాతనే పాట అందుకుంటాడు. రోగి గదిలో నాట్యమెక్కడిది? అది వినడానికే వాయించినది. అయితే ఒక కథలోని సన్నివేశం ఆధారంగా అన్ని గతులకూ తీర్పు చెప్పరాదు. సాల్తరెల్లో వంటి చిన్న గతులను అడుగుల కోసమే కట్టి ఉంటారని చెప్పడానికి వాటి పేరే సాక్ష్యం.

పండితుల పరిశ్రమ

ఈ గతులను నేటి స్వరలిపిలోకి మార్చి లోకానికి అందించినవారిలో ప్రథముడు జర్మన్ పండితుడు యోహాన్నెస్ వోల్ఫ్. మధ్యయుగ నృత్యాలపై ఆయన 1918-19లో ప్రకటించిన వ్యాసం ఈ రంగానికి పునాది. ఆంగ్ల పండితుడు గిల్బర్ట్ రేనీ ఈ ప్రతిని నిశితంగా పరీక్షించి, 1965లో దాని పుటల ఛాయాప్రతిని గ్రంథంగా వెలువరించాడు. అప్పటి నుండి లండన్‌కు వెళ్లలేని పరిశోధకుడు సైతం తన బల్ల మీదనే ప్రతి అక్షరాన్నీ పరిశీలించగలిగాడు. 1989లో టిమొతీ మెక్‌గీ మధ్యయుగపు వాద్య నృత్యాలన్నింటినీ ఒకచోట చేర్చి సంపుటంగా అందించాడు.

ఆ పని తేలికైనది కాదు. పధ్నాలుగవ శతాబ్దపు ఇటలీకి తనదైన స్వరలిపి ఉండేది. ఒక ప్రమాణ కాలాన్ని నాలుగుగా, ఆరుగా, ఎనిమిదిగా, తొమ్మిదిగా, పన్నెండుగా విభజించి, ఒక్కొక్క విభాగాన్ని చుక్కతో వేరు చేసేవారు. చుక్క ఒకటి జారితే లెక్క మొత్తం తప్పుతుంది. అజాగ్రత్తగా వ్రాసిన ప్రతిలో అటువంటి చోట్లు అనేకం. అక్కడ పరిష్కర్త ముందు రెండు దారులున్నవి. తప్పును తప్పుగానే ఉంచడం ఒకటి. ఇతర భాగాలలో మరల వచ్చిన అదే ఖండంతో పోల్చి సరిచేయడం మరొకటి. తాళపత్రాలను పరిష్కరించినవారికి ఈ సంకటం తెలియనిది కాదు. దిద్దుబాటు మితిమీరితే, పాత వాద్యకారుని చమత్కారాన్నే దోషంగా భావించి చెరిపివేసే ప్రమాదమున్నది.

ప్రతి చెప్పని సంగతులు ఇంకా ఎన్నో. ఏ వాద్యమో చెప్పలేదు. ఎంత వేగమో చెప్పలేదు. ఒక్కరు వాయించాలా, పలువురా, డప్పు ఉండాలా, ఆధారశ్రుతి ఉండాలా అన్న ప్రశ్నలకు జవాబు లేదు. ఉన్నది ఒకే ఒక స్వరవరుస. నిపుణుడైన వియెల్ వాద్యకారుడు అన్ని రకాల సంగీతాన్నీ పలికించగలడని గ్రోకియో చెప్పిన మాటను బట్టి, ఫిడేలుకు పూర్వబంధువైన ఆ కమాను వాద్యానికి పలువురు మొగ్గు చూపుతారు.

ఇస్తాంపీతాలలో చిన్న చిన్న స్వరఖండాలు ఒకదానివెంట ఒకటి అల్లుకుంటూ సాగే తీరు చూచి, అందులో తూర్పు మధ్యధరా దేశాల ప్రభావం ఉన్నదని మెక్‌గీ 1980లలో ప్రతిపాదించాడు. వెనిస్, జెనోవా నావలు ఆ తీరాలతో నిరంతరం వర్తకం చేసిన కాలమది గనుక ఊహ అసంభవం కాదు. కాని సరుకుల చిట్టా దొరికినట్లు స్వరాల చిట్టా దొరకదు. పోలిక కనబడినంత మాత్రాన బంధుత్వం రుజువు కాదని ఇతరుల వాదన.

పండితులు వాదించుకుంటుండగా వాద్యకారులు ఊరక కూర్చుండలేదు. మ్యూనిక్ నగరంలో 1960 ప్రాంతంలో ఏర్పడిన ఒక బృందానికి నాయకుడైన థామస్ బింక్లీ, ఉత్తర ఆఫ్రికాలో సజీవంగా ఉన్న అందలూసీ సంగీత సంప్రదాయం నుండి మెళకువలు గ్రహించి, ఆలాపనతో, తాళవాద్యాలతో ఈ గతులను వినిపించాడు. ఎముకల గూడు వంటి స్వరవరుస ఒక్కసారి రక్తమాంసాలు ధరించినట్లయినది. లండన్ ప్రతిలోని ఒక సాల్తరెల్లో 1990లో ‘డెడ్ కెన్ డాన్స్’ అనే ఆధునిక బృందం రికార్డులోకెక్కి, స్వరలిపి పేరే వినని యువజనుల చెవుల్లో మారుమ్రోగినది.

ఆ వినిపించినది మధ్యయుగమా, లేక మన కాలపు కలయా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న అడగవలసినదే. డప్పు మోతలో ఎంత ప్రతిలోనిది, ఎంత వాద్యకారుని ఊహ అన్నది శ్రోతకు విడమరచి చెప్పడం పాండిత్యపు బాధ్యత. కాని ఈ గతులను తొలుత వాయించినవాడు కూడ వ్రాతను చూచి వాయించలేదు. విన్నదానికి తనది కొంత చేర్చి వాయించాడు. ప్రతిని యథాతథంగా కాపాడడం పండితుని వంతు, దానికి మరల ప్రాణం పోయడం వాద్యకారుని వంతు. ఏ ఒక్కరు తన వంతు మరచినా, మిగిలిన ఆ పదిహేను గతులు తమ తోటివారి వలెనే మౌనంలోకి జారుకుంటవి.