గడి ఇచ్చారు, హక్కు ఏది?

ఫారంలో ఆడ, మగ పక్కన ఇంకో గడి పెట్టారు. వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతున్నారు. ఇంకేం, ట్రాన్స్‌జెండర్లకు గుర్తింపు వచ్చేసింది అంటున్నారు. మిత్రులారా, ఈ మాట వినగానే మనకు అనుమానం రావాలి. ఆగస్టు 9న మనతో కొమ్ములు కట్టించి ఆడించి, మర్నాడు పోడు పట్టా అడిగితే ముఖం తిప్పుకునే గుర్తింపు మనకు కొత్త కాదు కదా!

ఈ రెండు చరిత్రలు ఒకే కాగితం మీద కలుస్తాయి. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టంలో ఒక భాగం తెగల మీద, ఇంకో భాగం హిజ్రాల మీద. ఇద్దరి పేర్లూ రిజిస్టర్‌లో రాసి నిఘా పెట్టడమే దాని పని. మన ఎరుకల వాళ్లు కూడా ఆ ముద్ర మోసిన వాళ్లే. నైజాం కాలంలో హిజ్రాల మీద తెచ్చిన అలాంటి చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో! అంటే సర్కారు పేరు రాసుకోవడం వేరు, హక్కు ఇవ్వడం వేరు.

2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను వెనుకబడిన వారిగా చూసి చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వమంది. 2019లో చేసిన చట్టంలో కలెక్టర్ ఇచ్చే సర్టిఫికెట్ ఉంది, రిజర్వేషన్ మాత్రం లేదు. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో 39 మందిని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. మంచిదే. కానీ ఉత్తర్వుతో వచ్చింది ఉత్తర్వుతోనే పోవచ్చు.

అసలు చిక్కు మన గూడెంలో ఉంది. ట్రాన్స్‌జెండర్లందరినీ కలిపి బీసీలో వేస్తే, కోయ, గోండు ఇంట్లో పుట్టిన ట్రాన్స్ మనిషి ఏం చేయాలి? ఎస్టీ హోదా వదులుకోవాలా, తానెవరో చెప్పడం మానుకోవాలా? కర్ణాటక 2021లో రాష్ట్ర ఉద్యోగాల్లో 1 శాతం ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ ఏ కేటగిరీ వాళ్లకు ఆ కేటగిరీలోనే ఇచ్చింది. అడగాల్సింది ఇదీ.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దీన్ని మన డిమాండ్ల పత్రంలో చేర్చుదాం. దానికంటే ముందు ఒక పని మన చేతిలోనే ఉంది. గూడెంలో అలాంటి తమ్ముడో చెల్లో ఉంటే, ఎగతాళికి తట్టుకోలేక పట్నం పారిపోకుండా యువజన సంఘంలో పక్కన కూర్చోబెట్టుకుందాం. మనం ఇవ్వని గౌరవాన్ని సర్కారును ఏ ముఖంతో అడుగుతాం?

జోహార్!