వార్తను నిర్ణయించేది ఎవరు?

2020 ఆగస్టులో వేదాద్రి ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరిగింది. కృష్ణా జలాలను జగ్గయ్యపేట, నందిగామ, వత్సవాయి, పెనుగంచిప్రోలు మండలాల మెట్ట పొలాలకు ఎక్కించాలన్నది దాని ఉద్దేశం. ముఖ్యమంత్రి ప్రారంభిస్తే అది తనంతట తానే వార్త అవుతుంది. చెప్పిన గడువుకు ఏ పొలానికి ఎంత నీరు చేరిందన్న ప్రశ్నకు మాత్రం ఆహ్వానపత్రిక ఉండదు, ఫొటోగ్రాఫరూ రాడు. అడిగే రైతు చేతిలో ఫోను ఉంటే ఆ ప్రశ్న ఊరు దాటుతుంది.

పల్లెకు పత్రికలో చోటు దొరకడం ఫోనుతోనే మొదలైందని కాదు. 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు తెచ్చిన తర్వాత మారుమూల గ్రామాల సంగతులు కూడా అచ్చులోకి ఎక్కాయి. అయితే అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే ‘లైన్ అకౌంటు’ డబ్బుతో గ్రామీణ విలేఖరికి ఇల్లు గడవదు. పైగా ప్రకటనలు సేకరించే భారమూ అతని మీదే. ఎవరి వద్ద ప్రకటన అడగాలో వారిమీదే వార్త రాయాల్సి వస్తే అతడు ఏం చేయగలడు? ఆ మౌనంలో ఎన్ని సంగతులు మిగిలిపోయాయో లెక్క లేదు.

2020 నవంబరులో నంద్యాలకు చెందిన ఒక ముస్లిం ఆటో డ్రైవరు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు పాణ్యం సమీపంలో రైలు కిందపడి మరణించారు. మొదట అది ఒక కుటుంబ విషాదంగానే కనిపించింది. చనిపోయే ముందు ఫోనులో వారు రికార్డు చేసుకున్న మాటలు కొద్ది రోజుల తర్వాత బయటికి వచ్చాయి. చేయని దొంగతనం మోపి పోలీసులు వేధిస్తున్నారన్నది వారి మొర. రాష్ట్రమంతా కదిలింది, ఒక సర్కిల్ ఇన్‌స్పెక్టరు, ఒక హెడ్ కానిస్టేబులు అరెస్టయ్యారు. ఆత్మహత్య ఇస్లాంలో నిషిద్ధం. వారి లెక్క అల్లాహ్ వద్ద ఉంది. కాని ఆ వీడియో లేకపోయి ఉంటే ఆ నలుగురి మరణానికి కారణం ఎవరు అడిగేవారు?

ఒకరి దోషాన్ని ఇలా బహిరంగం చేయడం గీబత్ కాదా అని కొందరు సోదరులు సందేహిస్తారు. సందేహం మంచిదే. చెడ్డ మాటను బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదని చెప్పే నిసా సూరా 148వ ఆయతే, అన్యాయానికి గురైన వానికి మినహాయింపు ఇస్తున్నది. ఇమామ్ నవవీ (రహ్మ) ‘రియాజుస్సాలిహీన్’లో గీబత్ అనుమతించబడే ఆరు సందర్భాలను పేర్కొంటూ, బాధితుడు న్యాయం చేయగల అధికారి ముందు మొరపెట్టుకోవడాన్ని మొదటిదిగా ఉంచారు. ఫిర్యాదు తీసుకోవలసిన చోటే పీడన జరిగితే, ఆ మొరను పై అధికారికి చేర్చే దారి నేడు చాలామందికి ఫోనే అని మేము భావిస్తున్నాము.

ఆ ఫోనే అదే ఏడాది మనల్ని ఎంత గాయపరిచిందో మరచిపోలేము. నిజాముద్దీన్ మర్కజ్ విషయం బయటపడిన నాటి నుండి ఎక్కడెక్కడి వీడియోలో తబ్లీగీ సోదరుల పేరుతో చక్కర్లు కొట్టాయి. పెద్ద ఛానెళ్లూ వెనుకబడలేదు. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని, మీడియాలో వారిపై పెద్దఎత్తున ప్రచారం సాగిందని ఆక్షేపించింది. అపవాదు ఇంటింటికీ చేరింది. తీర్పు అన్ని ఇళ్లకూ చేరిందా?

హుజురాత్ సూరా 6వ ఆయత్ మనకు కంఠస్థమే. నిసా సూరా 83వ ఆయత్‌ను అంతగా తలచుకోము. భద్రతకో, భయానికో సంబంధించిన కబురు అందగానే చాటింపు వేసేవారిని అది తప్పుపడుతుంది; దాని నిజానిజాలు తేల్చగల వారివద్దకు చేర్చమంటుంది. ‘ఫార్వర్డ్’ మీట మీద వేలు పెట్టేముందు ఇంటిల్లిపాదీ కలిసి చదవవలసిన ఆయత్ అది.

మున్నేరు సంగతే తీసుకోండి. 2023 జూలైలోనూ, 2024 సెప్టెంబరులోనూ నందిగామ దగ్గర ఐతవరం వద్ద వరద జాతీయ రహదారిని ముంచెత్తింది. అదే రోడ్డు, అదే బురద నీరు. తేదీ లేని వీడియో చూసి అది ఏ ఏటిదో ఎవరు చెప్పగలరు? దాన్ని నమ్మి హైదరాబాదు నుండి బయలుదేరే కుటుంబం ఆగిపోవచ్చు, లేదా పాతదనుకుని నీళ్లలోకే బండి నడపవచ్చు. తీసినవారు ఊరి పేరు, తేదీ, వేళ నోటితో పలికి తీస్తే చాలు. వరదలో చిక్కుకున్న స్త్రీల ముఖాలు, మృతదేహాలు అందులో లేకుండా చూడటం వారి బాధ్యతే.