ఆటకు గీత ఉంది, సంఘానికి లేదా?

కబడ్డీకి బ్యాటు అక్కర్లేదు, బూట్లు అక్కర్లేదు. కాస్త నేల, గీతలు గీయడానికి గుప్పెడు ముగ్గు ఉంటే చాలు. అందుకే మన సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఈ ఆట బతికినట్టు ఇంకే ఆటా బతకలేదనడంలో అతిశయోక్తి లేదు. మన పెద్దలు చెడుగుడు అని పిలుచుకున్న ఈ ఆటలో గీత దాటితే అవుట్, కూత ఆగితే అవుట్. ఎంత పేరున్న ఆటగాడికైనా ఇదే నియమం. మరి ఆ ఆటను నడిపించే సంఘాలకు గీత ఎక్కడుంది? ఈ ప్రశ్న మన హాస్టళ్లలో వినిపించదు. వినిపించాల్సిన అవసరం ఎంతైనా ఉందని మేము భావిస్తున్నాం.

"సంఘం గొడవలు మనకెందుకన్నా, ఆడుకుంటే చాలదా?" అని తమ్ముళ్లు అడగవచ్చు. చాలదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా ఉంది. ఆ కోటాకు దరఖాస్తు చేసుకోవాలంటే నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ ఉండాలి. జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడినవారికి రాష్ట్ర సంఘం కార్యదర్శి, దేశం తరఫున ఆడినవారికి జాతీయ సమాఖ్య కార్యదర్శి సంతకం చేయాలి. అంటే పదేళ్లు మోకాళ్లు చీరుకుపోయేలా ఆడిన ఆట ఉద్యోగంగా మారాలంటే ఒక సంతకం కావాలి. పొలం, పలుకుబడి ఉన్న ఇంటి పిల్లవాడికి ఆ సంతకం లేకపోయినా గడుస్తుంది. మన పిల్లవాడికి గడవదు. కాబట్టి ఆ సంతకం చేసే మనిషిని ఎవరు ఎన్నుకున్నారు, ఎంతకాలానికి ఎన్నుకున్నారు, ఆయన ఎవరికి జవాబు చెప్పాలి అన్నవి మన ప్రశ్నలే.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేము. మా బ్యాచ్‌లో ఇద్దరు జిల్లా జట్టుకు ఆడారు. ఆ సర్టిఫికెట్ కోసం ఒక సంఘం పెద్దమనిషి ఇంటి చుట్టూ ఒక వేసవంతా తిరిగాం. ఆఫీసు లేదు, బోర్డు లేదు. ఎంపిక పోటీలకు కట్టిన రుసుముకు రశీదు అడిగితే "ఆడటానికి వచ్చారా, ఆడిట్ చేయడానికి వచ్చారా?" అన్నారు. ఆయన మంచివాడా, చెడ్డవాడా అన్న చర్చ మాకు అక్కర్లేదు. ఆయన జవాబు చెప్పుకోవాల్సిన చోటు ఒకటి లేకపోవడమే మా బాధ.

కింద ఇలా ఉంటే పైన ఎలా ఉండేదో చూద్దాం. అమెచ్యూర్ కబడ్డీ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాకు 1984 నుంచి 2013 వరకు జనార్దన్ సింగ్ గెహ్లాట్ అధ్యక్షుడు. ఆయన దిగిపోయాక ఆ కుర్చీలోకి ఆయన భార్య మృదుల వచ్చారు. ఆయనను జీవితకాల అధ్యక్షుడిగా చేశారు. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆమె ఎన్నికనూ, ఆయన జీవితకాల పదవినీ రెండింటినీ కొట్టివేసి, సమాఖ్య నిర్వహణకు అడ్మినిస్ట్రేటర్‌ను నియమించింది. అదే నెలలో జకార్తా ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టు సెమీఫైనల్లో ఇరాన్ చేతిలో ఓడి కాంస్యంతో సరిపెట్టుకుంది. మహిళల జట్టు కూడా ఫైనల్లో ఇరాన్ చేతిలోనే ఓడి రజతంతో తిరిగి వచ్చింది. ఓటమికి పాలనే కారణమని మేము అనం. ఇరాన్ బాగా ఆడింది. కానీ జట్టు విమానం ఎక్కే రోజుల్లో సమాఖ్య కోర్టు బోనులో ఉండటం ఏ ఆటకూ శోభనివ్వదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ పతకాల ఆటగా చేరింది గెహ్లాట్ కాలంలోనే. అప్పటి నుంచి 2014 వరకు పురుషుల స్వర్ణం ప్రతిసారీ మనదే. ఆ కృషిని ఎవరూ కాదనరు. అయితే కృషి చేసినవారికి కృతజ్ఞత చెప్పవచ్చు, సన్మానం చేయవచ్చు. సంఘాన్ని రాసివ్వకూడదు. ఎంత గొప్పవాడి పాదాల దగ్గరైనా స్వేచ్ఛను పెట్టవద్దని, రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారితీస్తుందని బాబాసాహెబ్ అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఆ హెచ్చరిక దేశానికి ఎంత వర్తిస్తుందో ఊరి క్రీడా సంఘానికీ అంతే వర్తిస్తుంది.

కోర్టు ఉంది కదా, అదే చూసుకుంటుందిలే అనుకోవడానికీ వీల్లేదు. కోర్టు నియమించిన అడ్మినిస్ట్రేటర్ పాలన ఏళ్ల తరబడి సాగింది. 2023 డిసెంబరులో ఎన్నికలు జరిగినా పగ్గాలు చేతులు మారలేదు. ఎన్నికైన పాలకవర్గం చేతిలో లేదని అంతర్జాతీయ సమాఖ్య మన సమాఖ్య గుర్తింపును నిలిపివేసింది. ఆసియా పోటీలకు వెళ్లే దారి మూసుకుపోయే పరిస్థితి వచ్చింది. చివరికి ఇద్దరు క్రీడాకారిణులు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2025 ఫిబ్రవరిలో ఎన్నికైన వర్గానికి బాధ్యతలు అప్పగించాలని కోర్టు ఆదేశించింది. మరుసటి నెలలో టెహ్రాన్‌లో జరిగిన ఆసియా మహిళల పోటీల్లో మన అమ్మాయిలు ఇరాన్‌నే ఓడించి స్వర్ణం తెచ్చారు. ఆడటానికి కోర్టుకెక్కాల్సి రావడం ఎంత దౌర్భాగ్యం!

నియమాలు లేక ఇదంతా జరగలేదు. 2011 జాతీయ క్రీడాభివృద్ధి కోడ్ అధ్యక్షుడికి 12 ఏళ్ల హద్దు, 70 ఏళ్ల వయోపరిమితి పెట్టింది. 2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. కార్యవర్గంలో 15 మందికి మించరాదని, అందులో కనీసం నలుగురు మహిళలు, ఇద్దరు ఉత్తమ క్రీడాకారులు ఉండాలని అది చెబుతోంది. క్రీడాకారుల కమిటీ, వివాదాలకు ట్రిబ్యునల్, మహిళలకు, మైనర్లకు రక్షణ విధానం అందులో ఉన్నాయి. ఇవి మంచి మాటలు. జట్టుతో ఊరుగాని ఊరు వెళ్లే మన బాలికల హాస్టళ్ల చెల్లెళ్లకు ఈ రక్షణ ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. అయితే అంతర్జాతీయ నిబంధనలు ఒప్పుకుంటే 75 ఏళ్ల వరకూ పోటీ చేయవచ్చని వయోపరిమితిని సడలించడం మాత్రం మాకు వెనకడుగుగానే కనిపిస్తోంది.

చట్టం ఢిల్లీలో పుడుతుంది. అది జిల్లా దాకా నడిచి రావాలంటే జిల్లాలో అడిగేవాడు ఉండాలి. మన రాష్ట్రాల్లో సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. కబడ్డీ కోర్టులోకి దిగేదీ ఏడుగురే, సంఘం నమోదుకు కనీసం కావాల్సిందీ ఏడుగురే. ఆ ఏడుగురూ ఒకే ఇంటివాళ్లు, ఒకే వాడకట్టువాళ్లు అయితే ఆట ఎటు పోతుందో ఊహించుకోవచ్చు. కాబట్టి ఆడటం మానేసిన సీనియర్లు సంఘంలో సభ్యులుగా చేరాలి. బైలాస్ ప్రతి తెచ్చుకుని చదవాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరిగిందా, లెక్కలు ఆడిట్ అయ్యాయా అని రాతపూర్వకంగా అడగాలి. చదువుకున్న మనం ఊరికి తిరిగి ఇవ్వగలిగింది ఇలాంటి పనే.

ముందుగా మన ఇంటి నుంచే మొదలుపెడదాం. మన హాస్టల్ పూర్వ విద్యార్థుల సంఘాన్ని రిజిస్టర్ చేయించాలన్న ఆలోచన ఉంది. అది ఏర్పడే రోజునే నాలుగు గీతలు గీసుకుందామని మా ప్రతిపాదన. ఎవరూ రెండు పర్యాయాలకు మించి పదవిలో ఉండరాదు. కార్యవర్గంలో మూడోవంతు ఐదేళ్లలోపు హాస్టల్ విడిచినవారై ఉండాలి. ప్రతి రూపాయికి రశీదు, ఏటా లెక్కల కాగితం హాస్టల్ నోటీసు బోర్డు మీద ఉండాలి. జీవితకాల పదవి అనే మాట బైలాస్‌లో ఎక్కడా ఉండరాదు.

వీటికి అభ్యంతరం ఉన్న అన్నలు సభలోనే లేచి చెప్పండి, చర్చిద్దాం. తమ్ముళ్లూ, రేపు లెక్క అడగాల్సింది మీరే. మమ్మల్ని కూడా మొహమాటం లేకుండా అడగండి.

— పూర్వ విద్యార్థుల తరఫున,
ఎం.ఏ. ద్వితీయ సంవత్సరం