ఇరవై రోజులు

2025 మే నెల మొదటి ఆదివారం రాత్రి నాన్న ఫోన్ చేశారు. మామూలుగా ఆదివారం ఫోన్ చెయ్యాల్సింది నేను. ఆయనే చేశారంటే ఒంట్లో బాగాలేదనో, పొలంలో ఏదో అయిందనో అర్థం. కంగారుగా ఎత్తాను.

"ఏరా, మన బీపీటీకి జీన్లు కత్తిరించారంటగా? ఢిల్లీలో మంత్రిగారు చెప్పారంట. వాట్సాప్‌లో తిరుగుతోంది. నువ్వు కంప్యూటర్లవాడివి కదా, అసలు సంగతేంటో చూసి చెప్పు."

కంప్యూటర్లకీ వరికీ ఏం సంబంధం అని నేను అడగలేదు. నాన్న దృష్టిలో కంప్యూటర్లవాడు అన్నీ చూసి చెప్పగలడు. ఇంటర్ తర్వాత బయాలజీ ముఖం చూడని ఇంజనీర్ని నేను. చూస్తానని చెప్పి పెట్టేశాను. పెట్టేముందు ఆయన ఇంకో మాట అన్నారు: "ఇరవై రోజులు ముందే కోతకొస్తుందంట."

ఆ మాట దగ్గర ఆయన గొంతు కొంచెం మారింది. ఎందుకో నాకు తెలుసు. మా ఊరు బాపట్ల దగ్గర, కొమ్మమూరు కాలువ కింద. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికి మా నాలుగెకరాల్లో రెండెకరాలు కోసి పనల మీద ఉంది, రెండెకరాలు కోతకి సిద్ధంగా నిలబడి ఉంది. కోసింది నీళ్ళలో తేలింది, నిలబడింది నేలకి పడుకుంది. నాలుగు రోజుల తర్వాత నాన్న వీడియో కాల్ చేసి ఒక కంకి చూపించారు. గింజలోంచి తెల్లటి మొలక వచ్చేసింది. ఇక్కడ కౌలాలంపూర్‌లో ఇరవై మూడో అంతస్తులో కూర్చుని, ఎయిర్ కండిషనర్ కింద, ఆ మొలక చూశాను. ఏమనాలో తెలియక "డబ్బులు పంపిస్తాలే నాన్నా" అన్నాను. ఆయన "డబ్బుల కోసం చూపించలేదురా" అన్నారు.

డిసెంబర్ 5 నుంచి ఇరవై రోజులు వెనక్కి లెక్కేస్తే నవంబర్ 15. ఎండ బాగా కాసే రోజులు.

అందుకని ఈసారి శీర్షికలో ఈ వరి గురించే రాస్తున్నాను. సినిమా కబుర్ల కోసం వచ్చినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ముందు బీపీటీ పుట్టుపూర్వోత్తరాలు. అసలు పేరు సాంబ మసూరి, నెంబరు బీపీటీ 5204. బాపట్ల పరిశోధన స్థానంలో పుట్టి 1986లో విడుదలైంది. నా కంటే కొంచెం పెద్దది. దాని వంశవృక్షంలో ముగ్గురున్నారు. ఒకటి జీఈబీ 24, కోయంబత్తూరులో 1921లో విడుదలైన పాత రకం. రెండోది తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1. మూడోది మహ్సూరి. ఈ మూడోది 1965లో మలేషియాలో విడుదలైన రకమని చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. పోయినేడు పిల్లల్ని తీసుకుని లంకావి దీవికి వెళ్ళినప్పుడు మహ్సూరి సమాధి దగ్గర ఫొటోలు దిగాం. చెయ్యని తప్పుకి ఆమెని చంపారని, చనిపోతూ ఆ దీవిని ఏడు తరాలు శపించిందని అక్కడ కథ చెబుతారు. పక్కనే ఒక ఊళ్ళో నేల తవ్వితే కాలిన బియ్యం దొరుకుతాయంటారు, శత్రువుకి దక్కకూడదని తగలబెట్టిన బియ్యం. అక్కడ గంటసేపు తిరిగాను కానీ, మా ఇంట్లో నాలుగు పూటలా ఉడికే బియ్యం పేరు అదేనని తట్టలేదు. మసూరి అంటే మనది అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ మాటకొస్తే దానికి మూలమైన సంకరం మళ్ళీ మన కటక్‌లోనే మొదలైంది. 1950లలో ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ పథకం కింద జపానికా, ఇండికా వరులని అక్కడ కలిపారు. అలా కటక్ నుంచి మలయాకి, అక్కణ్ణుంచి బాపట్లకి. నాకంటే ఎక్కువ వీసాలు ఉన్నాయి దానికి.

ఇంతకంటే నన్ను ఆపింది ఇంకోటి. జీఈబీ 24 అనేది పొలంలో దానంతట అదే మారిపోయిన మొక్క నుంచి వచ్చింది. తైచుంగ్ నేటివ్ పొట్టిగా ఉండటానికి కారణం, మొక్కని పొడవు పెంచే జన్యువులో 383 అక్షరాలు ఎప్పుడో ఊడిపోవడం. ఆ ఊడిన సంగతి 2002లో గానీ బయటపడలేదు, కానీ ఎరువు వేసినా పడిపోకుండా నిలబడుతుందని రైతులు అప్పటికే దశాబ్దాలుగా దాన్నే వేస్తున్నారు. అంటే నాన్న ముప్పై ఏళ్ళుగా పండిస్తున్న బీపీటీలో అప్పటికే అక్షరాలు పోయిన జన్యువు ఉంది. పోవడం వల్లే అది బీపీటీ అయింది.

ఇప్పుడు చేసిన పని కూడా అలాంటిదే. కాకపోతే ఎక్కడ పోవాలో చూసి పోగొట్టారు.

వరి కణంలో ఉండే డీఎన్‌ఏ సుమారు 39 కోట్ల అక్షరాల పుస్తకం. అందులో ఉండేది నాలుగే అక్షరాలు. 2005లో పది దేశాల వాళ్ళు పంచుకుని మొత్తం చదివారు, అందులో 11వ క్రోమోజోమ్‌లో ఒక భాగం మన ఢిల్లీ వాళ్ళు చదివారు. అదే ఏడాది జపాన్‌లో నగోయా వాళ్ళు ఒక సంగతి కనిపెట్టారు. హబటాకి అనే రకంలో కంకికి గింజలు ఎక్కువ. కోషిహికారి అనే రకంలో తక్కువ. ఎందుకా అని వెతుక్కుంటూ పోతే సీకేఎక్స్2 అనే జన్యువు దగ్గర తేలింది. కంకి తయారయ్యేటప్పుడు గింజలు పెట్టమని మొక్కకి చెప్పే హార్మోను సైటోకైనిన్. ఆ హార్మోనుని విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఈ జన్యువు తయారుచేస్తుంది. హబటాకిలో ఈ జన్యువు సరిగ్గా పనిచెయ్యదు. విరగ్గొట్టేవాడు బద్ధకస్తుడు కాబట్టి హార్మోను మిగిలిపోయింది, గింజలు ఎక్కువయ్యాయి.

మరి హబటాకితో బీపీటీని సంకరం చేస్తే పోదా? చెయ్యొచ్చు. కానీ పెళ్ళి చేస్తే ఒక్క జన్యువు రాదు, అత్తగారి ఇంటి సామానంతా వస్తుంది. బీపీటీ సన్నదనం, రుచి పోతే ఇక దాన్నెవరు కొంటారు? ఒక్కో తరం మళ్ళీ బీపీటీతోనే కలుపుతూ, మిగతా సామాను వదిలించుకుంటూ రావాలి. హైదరాబాద్‌లో సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి అలా ఏళ్ళ తరబడి చేసి, ఎండాకు తెగులుకి తట్టుకునే మూడు జన్యువులని బీపీటీలోకి తెచ్చి, 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి ఇచ్చారు. ఆ మూడింట్లో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. అక్కడ జన్యువులని చదివారే గానీ కత్తిరించలేదు, ఏ పిల్లలో ఏ జన్యువు వచ్చిందో గుర్తులు చూసి ఏరుకున్నారు. గొప్ప పని, కానీ దానికి రావాల్సినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

క్రిస్పర్‌తో ఈ సామాను గొడవ ఉండదు. దానికి రెండే ముక్కలు: కత్తెర, చిరునామా. కత్తెర క్యాస్9 అనే ప్రోటీన్, అసలు బ్యాక్టీరియా తన మీదికొచ్చే వైరస్‌లని నరకడానికి పెట్టుకున్న ఆయుధం. చిరునామా 20 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ. ఇంజనీరు బుద్ధి కదా, లెక్క వేశాను: నాలుగు అక్షరాలతో 20 స్థానాలంటే లక్షా పది వేల కోట్ల చిరునామాలు. వరి పుస్తకం 39 కోట్లే. కాబట్టి అచ్చంగా అదే చిరునామా ఇంకోచోట తగిలే అవకాశం చాలా తక్కువ. ఒకటి రెండు అక్షరాల తేడాతో తగిలేవి ఉంటాయి. కత్తెర అక్కడా పడొచ్చు, అందుకే తర్వాత మొత్తం చదివి చూసుకోవాలి.

కత్తెర తెంపుతుంది, అంతే. రాయడం దానికి రాదు. తెగిన చోట కణం తనే కంగారుగా అతికించుకుంటుంది, ఆ కంగారులో ఒకటో రెండో అక్షరాలు జారిపోతాయి. ఒక్క అక్షరం పోతే ఏమవుతుందంటారా? కణం మూడేసి అక్షరాలు కలిపి చదువుతుంది. మన భాషలో చెప్పాలంటే, "కమల పలక తెరిచి చదివె" అని ఉందనుకోండి. అన్నీ మూడక్షరాల మాటలే. అందులో "మ" తీసేసి మళ్ళీ మూడేసి చదవండి: "కలప లకతె రిచిచ దివె". మొదటి మాట ఎలాగో కలప అయింది గానీ, తర్వాతంతా రెండు వేళ్ళతో లేఖినిలో టైపింగ్ నేర్చుకున్న కొత్తలో నేను రాసిన పోస్టులా ఉంది. ఆ జన్యువు నుంచి ఇక ఎంజైమ్ రాదు.

నాకు బాగా నచ్చిన భాగం దీని తర్వాతది. కత్తెరని మొక్కలోకి పంపాలంటే దాని జన్యువుని కూడా లోపల పెట్టాలి. పొట్టు తీసిన గింజల నుంచి కణాల ముద్ద పెంచి, దానికి ఆగ్రోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియాతో అంటిస్తారు. ఆ కణాల నుంచి మొక్కలు మొలుస్తాయి. వాటిల్లో కత్తెర కూడా ఉంటుంది. వాటి గింజలు మళ్ళీ వేస్తే పిల్లల్లో నాలుగింట ఒక వంతుకి కత్తెర జన్యువు రాదు. టెన్త్ క్లాసులో బట్టీ కొట్టిన మెండెల్ బఠాణీల లెక్కే. కత్తిరింపు ఉండి, కత్తెర లేని పిల్లని ఏరుకుంటారు. ఇలా హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థలో తయారైనదే డీఆర్‌ఆర్ ధాన్ 100, కమల. అదే రోజు ప్రకటించిన రెండో రకం ఢిల్లీ పూసా సంస్థది, కరువునీ చౌడునీ తట్టుకోవడానికి. దానికి తల్లి మన మార్టేరు ఎంటీయూ 1010, కాటన్‌దొర సన్నాలు. దేశం మొత్తంలో మొదటి రెండు ఎడిటింగ్ వరులకీ తల్లులు మన డెల్టా వాళ్ళే.

ఇదంతా తర్వాతి ఆదివారం నాన్నకి చెప్పాను. ఆయన మధ్యలో ఆపారు.

"పత్తిలో వేసినట్టేగా?"

కాదన్నాను. పత్తిలో నేలలో ఉండే బ్యాక్టీరియా జన్యువుని తెచ్చి పెట్టారు, అది ఇప్పటికీ ఆ మొక్కలోనే ఉంది. ఇందులో బయటిది ఏదీ మిగల్లేదు. అందుకే 2022 మార్చిలో కేంద్రం ఇలాంటి వాటికి బీటీ పత్తికి ఉన్న అనుమతుల చట్రం నుంచి మినహాయింపు ఇచ్చింది. నాన్న విన్నారు కానీ మా నరసరావుపేట మామయ్య సంగతి ఎత్తారు. 2002లో బీటీకి అనుమతి వచ్చాక మామయ్య వేశాడు. మొదట్లో శనగపచ్చ పురుగు మందుల ఖర్చు తగ్గిందని ఊరంతా చెప్పాడు. తర్వాత గులాబీ పురుగు దానికి అలవాటు పడింది. ప్రతి ఏడూ ప్యాకెట్ కొనడం మాత్రం మిగిలింది.

"మరి దీని విత్తనం ఇంట్లో దాచుకోవచ్చా?"

ఇది అసలు ప్రశ్న. బీపీటీ విత్తనం మేమెప్పుడూ రెండు మూడేళ్ళకోసారి గానీ కొనం. మొక్కపరంగా అయితే దాచుకోవచ్చు, ఇది హైబ్రిడ్ కాదు, వరి తన పుప్పొడితో తనే ఫలదీకరణ చెందుతుంది, వేసిందే వస్తుంది. కాగితాలపరంగా అంత సులువు కాదు. క్యాస్9 కత్తెర మీద పేటెంట్లు అమెరికా, యూరప్ సంస్థల చేతుల్లో ఉన్నాయి. పరిశోధనకి వాడుకోవడం వేరు, విత్తనం అమ్మడం వేరు. కత్తెర మొక్కలో లేకపోయినా కత్తెర యజమాని గుమ్మంలో ఉంటాడు. ప్రభుత్వ డబ్బుతో, ప్రభుత్వ ల్యాబ్‌లో, మన రైతుల రకం మీద చేసిన పని ఇది. ఆ లైసెన్సు షరతులేమిటో ప్రకటించిన రోజే చెప్పి ఉంటే బాగుండేది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి. లైసెన్సు చదవకుండా లైబ్రరీ వాడితే ఏమవుతుందో మా ఆఫీసులో ఒకసారి చూశాను.

దిగుబడి లెక్కలు కూడా చదివి వినిపించాను. 2023, 2024లో 25 చోట్ల పరీక్షించారట. హెక్టారుకి బీపీటీ 4.5 టన్నులు, కమల 5.37. అంటే 19 శాతం ఎక్కువ. కాలం 130 రోజులు. ఆ అంకెలకీ, పరీక్షల నివేదికల్లోని అంకెలకీ పొంతన లేదని జన్యుమార్పిడి పంటలని వ్యతిరేకించే కూటమి తర్వాత ఆరోపించింది. ఐసీఏఆర్ కాదంది. నాన్నకి ఈ గొడవ చెప్తే ఆయన పెద్దగా పట్టించుకోలేదు.

"టన్నులు సరేరా. కంకి అంత బరువెక్కితే దుబ్బు నిలబడుద్దా? గాలికి?"

నాకు తెలియదన్నాను. "మరి అది చూడాలి కదా ముందు" అన్నారు, నేనేదో రిపోర్టులో ముఖ్యమైన గడి ఖాళీ వదిలేసినట్టు.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటింది. ఈసారి కళ్ళు నరసాపురం వైపు పడ్డాయి, కానీ మా వైపూ రెండ్రోజులు వాన దంచింది. చేను అప్పుడే ఈనుతోంది. పొద్దున ఫోన్ చేస్తే నాన్న కాలువ గట్టు మీద ఉన్నారు, నీళ్ళు బయటికి తోడిస్తున్నారు. ఇంజను చప్పుడులో గట్టిగా అరుస్తున్నారు.

"ఆ కమలో ఏదో వేసుంటే ఇవాల్టికి గింజ పాలు గట్టిపడేదిరా. పడిపోయేదో, నిలిచేదో." కాసేపు ఇంజను చప్పుడే వినపడింది. "తుఫాను కూడా ముందుకొచ్చిందిగా, అదొకటి."

విత్తనం ఎప్పటికొస్తుందని మళ్ళీ అడిగారు. ఇంకా కొన్నేళ్ళు పట్టొచ్చన్నాను. ఆయనకి అరవై ఎనిమిది. సరే, బురద కాళ్ళతో ఉన్నాను, సాయంత్రం మాట్లాడతానని పెట్టేశారు.