గడప దాకా చెప్పులు, గడప లోపల మనం



దసరాకి ప్రొద్దుటూరు అమ్మవారిశాలకు పోయినా, జమ్మలమడుగు నారాపుర వేంకటేశ్వరస్వామి గుడికి పోయినా, పులివెందుల రంగనాథస్వామి గుడికి పోయినా మెట్లు బయటే విడుస్తాం. మసీదుకు, దర్గాకు పోయినా అంతే. చాపల మీద కూర్చునే పల్లె చర్చిల్లోనూ అంతే.

ఇందులో మనకు ఏ పేచీ లేదు. వీధి దుమ్ము లోపలికి తేకపోవడం మర్యాద. పైగా గుడి బయట షావుకారు బూట్లు, కూలోడి హవాయి చెప్పులు ఒకే కుప్పలో పడుంటాయి. నియమం అందరికీ ఒకటే.

మరి పెద్దకులాల వీధుల్లో కింది కులాలనే ముద్ర వేసినవాళ్ళని చెప్పులు చేతబట్టుకొని నడిపించారే, అదేం మర్యాద? అక్కడ చెప్పులు విప్పింది ఒక్క వైపు వాళ్ళే. అది పెత్తనం.

చట్టానికి ఈ తేడా తెలుసు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) చదవండి. బహిరంగ స్థలాల్లో మనల్ని చెప్పులు వేసుకోనీకుండా అడ్డుకున్నా నేరమే, అందరికీ తెరిచి ఉన్న గుడిలోకి రానీకుండా అడ్డుకున్నా నేరమే. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా.

సుగాలి తండా అయినా, ఎరుకల, యానాది కాలనీ అయినా ఈ సెక్షన్ ఇంటింటికీ తెలియాలి. మీ ఇంట్లో ఈరోజే చెప్పండి. గుడి ముందు వంగి చెప్పులు విడవండి. వీధిలో వేసుకొని తలెత్తి నడవండి.

జై ఆదివాసీ!